ఆఫ్టర్‌మార్కెట్ పెర్ఫార్మెన్స్ బ్రేకు డిస్కులకు చిల్లుల దగ్గర పగుళ్లు – వారంటీ వర్తించదంటున్నారు

ఘాట్‌రోడ్ ప్రయాణికుడు (తిరుపతి)

అందరికీ నమస్కారం. నాది టర్బో పెట్రోల్ సెడాన్, బరువు దాదాపు 1500 కిలోలు. కంపెనీ డిస్కులు అరిగిపోయాక, ఆన్‌లైన్‌లో పేరున్న విదేశీ బ్రాండు డ్రిల్డ్ అండ్ స్లాటెడ్ (చిల్లులు, గాడులు ఉన్న) డిస్కులు ముందు చక్రాలకు వేయించాను. కంపెనీ డిస్కుల కంటే రెట్టింపు ధర. "రోడ్డుకూ, ట్రాక్‌కూ సరిపోతాయి, ఎంత వేడెక్కినా తట్టుకుంటాయి" అని అమ్మకందారు పేజీలో రాసి ఉంది. రెండేళ్ల వారంటీ అన్నారు.

పది వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. టైర్లు మార్పించడానికి చక్రాలు విప్పితే ఎడమ డిస్కు మీద ఒక చిల్లు నుంచి పక్క చిల్లు దాకా పగులు కనిపించింది. కుడి వైపు కూడా చాలా చిల్లుల చుట్టూ సన్నగా వెంట్రుకల్లాంటి గీతలు. ఫొటోలు పంపితే ఇలా జవాబిచ్చారు: "డిస్కు అరిగిపోయే వస్తువు. మీరు అతిగా వేడెక్కించారు. పైగా ప్యాడ్లు (డిస్కును నొక్కి ఆపే బ్రేకు ముక్కలు) మా బ్రాండువి కావు. వారంటీ వర్తించదు."

నేను ట్రాక్‌కి వెళ్లలేదు. నెలకు ఒకటి రెండు సార్లు తిరుమల వెళ్లొస్తాను, మిగతాదంతా హైవే, ఊరు. వీళ్ల మాటలో న్యాయం ఉందా? ఉంటే ఒప్పుకుంటాను. లేకపోతే వదలదలచుకోలేదు.

రాణీగంజ్ స్పేర్స్ (సికింద్రాబాద్)

నేను ఇరవై ఏళ్లుగా పార్టులు అమ్ముతున్నాను కాబట్టి అటువైపు మాట కూడా చెబుతాను. డిస్కు, ప్యాడు, క్లచ్ ప్లేటు... వీటికి అరుగుదల మీద ఎవరూ వారంటీ ఇవ్వరు, ఇవ్వలేరు. మా దగ్గరికి వెనక్కి వచ్చే డిస్కుల్లో ఎక్కువ భాగం బిగించడంలో పొరపాటువో, కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) పట్టేసి కాలిపోయినవో. కస్టమర్ మాత్రం అన్నిటికీ "మాల్ మంచిది కాదు" అంటారు. ముందు మీ కాలిపర్ పిన్నులు ఫ్రీగా కదులుతున్నాయో లేదో చూపించండి.

ఆటోనగర్ మెకానిక్ (విజయవాడ)

వారంటీ సంగతి తర్వాత. ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు పగులు కలిసిందంటే ఆ కారు కదపకండి సార్. ఘాట్ అసలే వద్దు. వెంట్రుక గీతలు వేరు, పగులు వేరు. పైపైన వేడికి వచ్చే గీతల్ని గోరుతో రాస్తే గోరు పట్టదు. గోరు పట్టిందంటే, లేదా గీత అంచు దాకా వెళ్లిందంటే డిస్కు పని అయిపోయినట్టే. లేత్ మీద కోయించి వాడుకుందామనే ఆలోచన కూడా పెట్టుకోకండి, పగులు లోపలికి ఉంటుంది.

పాత కంపెనీ డిస్కులకు మందం మిగిలి ఉంటే అవి బిగించి ఇంటికి చేరండి. డిస్కు అంచు మీదో, బెల్ (మధ్యలోని టోపీ లాంటి భాగం) మీదో MIN TH (కనీస మందం) అని పోత పోసి ఒక అంకె ఉంటుంది. దానికంటే తగ్గకపోతే సరి.

ఇవి కూడా చెప్పండి. ప్యాడ్ల లోపలి వైపు, బయటి వైపు ఒకేలా అరిగాయా? కాలిపర్ పిస్టన్ రబ్బరు బూటు కాలి గట్టిపడిందా? డిస్కు నీలం రంగుకు తిరిగిందా? ఎడమ కుడి డిస్కులు తారుమారు కాలేదు కదా? కొన్నిటికి లోపల గాలి రెక్కలు వంకరగా ఉంటాయి, వాటికి ఏ వైపుది ఆ వైపే పడాలి. చాలామంది పైనున్న స్లాట్ల వాలు చూసి బిగిస్తారు, చూడాల్సింది లోపలి రెక్కల వంపు. చక్రం తిరిగేటప్పుడు ఆ రెక్కలు వెనక్కి వాలినట్టు ఉండాలి, అప్పుడే మధ్యలోంచి గాలి లాగి బయటికి తోస్తాయి.

ఘాట్‌రోడ్ ప్రయాణికుడు

అన్నా, మీరు చెప్పినవన్నీ చూపించాను. ప్యాడ్లు నాలుగూ దాదాపు సమానంగా అరిగాయి. పిన్నులు చేత్తో నెడితే కదులుతున్నాయి. రబ్బరు బూట్లు మెత్తగానే ఉన్నాయి. నీలం రంగు ఎక్కడా లేదు. ప్యాడ్ల వెనక ఉన్న పెయింటు కూడా కాలలేదు. రెక్కలు తిన్నగా ఉన్న రకం, కాబట్టి ఎడమ కుడి తేడా లేదు. పాత డిస్కులు మందం తగ్గిపోయినందుకే మార్చాం, అందుకే కారు షెడ్డులోనే వదిలేశాను.

కొలిమి పనివాడు (హైదరాబాద్)

పోత ఇనుము ఫౌండ్రీలో క్వాలిటీ చూస్తాను, అందుకని ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

డిస్కుకు వాడేది గ్రే కాస్ట్ ఐరన్. అందులో కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. ఆ రేకుల వల్లే వేడి త్వరగా పాకుతుంది, బ్రేకు చప్పుడు కూడా కొంత అణుగుతుంది. కానీ అదే రేకుల వల్ల లాగుడుకు ఈ ఇనుము బలహీనం. బ్రేకు వేసినప్పుడు పై పొర ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది, లోపలి చల్లని ఇనుము వదలదు. పై పొర నలుగుతుంది. చల్లారేటప్పుడు అదే పొర లాగుడుకు గురవుతుంది. ఇలా వేలసార్లు జరిగితే వేడి అలసటతో పగులు మొదలవుతుంది. చిల్లు ఉన్నచోట ఒత్తిడి చిల్లు అంచు చుట్టూ పోగుపడుతుంది కాబట్టి పగులు అక్కడే పుడుతుంది. అంచును చాంఫర్ చేసి (వాలుగా చెక్కి) నునుపు చేస్తే ఆలస్యమవుతుంది. డ్రిల్లు గీతలు అలాగే వదిలేస్తే త్వరగా వస్తుంది. మీ ఫొటో పెద్దది చేసి చూశాను. చిల్లుల అంచులకు చాంఫర్ ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఇది ముఖ్యమైన విషయం, దగ్గరి నుంచి స్పష్టమైన ఫొటోలు తీసి ఉంచండి.

ఇక "అతిగా వేడెక్కించారు" అన్న మాట. లెక్క చూద్దాం. 1500 కిలోల కారు 100 కి.మీ. వేగం నుంచి ఆగితే దాదాపు 5.8 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. ముందు బ్రేకులు 70 శాతం తీసుకుంటే ఒక్కో ముందు డిస్కుకు 2 లక్షల జౌళ్లు. డిస్కు 7 కిలోలు ఉందనుకుంటే, ఒక్కసారి ఆపితేనే సుమారు 60 డిగ్రీలు పెరుగుతుంది. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతారు. అంటే కోటి జౌళ్ల పైమాట, 100 నుంచి పదిహేడు సార్లు ఆపినంత. ఇందులో ఇంజిన్ బ్రేకింగ్, గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. రెండో గేరులో దిగితే బ్రేకుల వాటా బాగా తగ్గుతుంది. మధ్యలో డిస్కు చల్లారుతూ ఉంటుంది కూడా.

రోజూ వేల కార్లు సాదా కంపెనీ డిస్కులతో ఆ ఘాట్ దిగుతున్నాయి. రెట్టింపు ధర పెట్టి, "ఎంత వేడెక్కినా తట్టుకుంటుంది" అని రాసి అమ్మిన డిస్కుకు అది దుర్వినియోగం ఎలా అవుతుంది? నిజంగా హద్దు దాటి వేడెక్కితే బూటు, ప్యాడ్ పెయింటు, ఆయిలు కూడా సాక్ష్యం చెప్పాలి. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డిస్కు పగిలేంత వేడి పుట్టి ఉంటే ఆయిలు మరిగి పెడల్ మెత్తబడటం మీకు ఎప్పుడో ఒకసారి తెలిసేది.

రాణీగంజ్ స్పేర్స్

లెక్క బాగుంది సార్, కాదనను. కానీ వేడి గుర్తులు లేవంటే వెంటనే మాల్ లోపమే అనడానికి లేదు. చిల్లుల డిస్కు స్వభావమే అంత. పాతకాలం ప్యాడ్లు వేడికి గ్యాస్ వదిలేవి, అది బయటికి పోవడానికి చిల్లులు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ అవసరం పెద్దగా లేదు. వానలో మొదటి పట్టు కాస్త బాగుంటుంది, అంతే. మిగతాదంతా చూపు కోసం. నా షాపులో డ్రిల్డ్ అడిగితే స్లాటెడ్ తీసుకోమని చెబుతాను, వినరు.

కొలిమి పనివాడు

చిల్లుల డిస్కు త్వరగా పగులుతుందన్నది నిజమే. అయితే ఆ సంగతి అమ్మేవాడికి కొనేవాడి కంటే ముందే తెలుసు కదా. తెలిసి "పగలదు" అన్న అర్థం వచ్చేలా రాసి అమ్మితే బాధ్యత ఎవరిది?

వైజాగ్ డీజిల్ (విశాఖపట్నం)

నాదీ ఇలాంటి గొడవే, ఇక్కడే అడుగుతున్నాను. నాకు పగుళ్లు లేవు. స్లాటెడ్ డిస్కులు వేయించిన కొన్ని నెలలకే 80 దాటాక బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది. మా మెకానిక్ "డిస్కు బెండ్ అయింది" అని రాసిచ్చాడు. ఆ కాగితం చూసి అమ్మకందారు "బెండ్ అయిందంటే మీరు వేడి డిస్కు మీద నీళ్లు కొట్టారు, వారంటీ లేదు" అన్నాడు.

ఆటోనగర్ మెకానిక్

తమ్ముడూ, ఆ "బెండ్ అయింది" అన్న కాగితమే నీ కేసు పాడుచేసింది. వేడి డిస్కు వంగడం చాలా అరుదు. వణుకు వచ్చేది దాదాపు ఎప్పుడూ మందం తేడా వల్ల. చుట్టూ ఒకచోట మందం ఎక్కువ, ఒకచోట తక్కువ. 0.02 మిల్లీమీటర్ల తేడాకే చేతికి వణుకు తెలుస్తుంది, కంటికి కనిపించదు.

ఆ తేడా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ప్యాడ్ పదార్థం డిస్కు మీద అతుకులు అతుకులుగా అంటుకోవడం. గట్టిగా బ్రేకు వేసి ఆగి, వేడి డిస్కు మీద పెడల్ నొక్కి అలాగే నిలబెడితే ప్యాడ్ అచ్చు పడుతుంది. ఆ అచ్చు దగ్గర మరింత వేడి పుట్టి, ఇనుము సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా మారితే ఇంక లేత్ కూడా సరిచేయలేదు. రెండోది, డిస్కు తిన్నగా కూర్చోకపోవడం. హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీద తుప్పు రవ్వంత ఉన్నా డిస్కు పక్కకు ఊగుతుంది, తిరిగినప్పుడల్లా ఒకచోటే ప్యాడుకు రాసుకుని అక్కడ అరుగుతుంది. ఇంపాక్ట్ గన్‌తో నట్లు ఇష్టం వచ్చినట్టు బిగించినా అంతే. సెడాన్లకు సాధారణంగా 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య టార్క్ (బిగింపు బలం) ఉంటుంది, మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి.

డయల్ గేజ్ పెట్టి ఊగుడు కొలిపించు. మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించు. వెర్నియర్ వద్దు, డిస్కు అంచున మిగిలే గట్టు మీద ఆనుకుని తప్పు చూపిస్తుంది. తర్వాత డిస్కు విప్పి హబ్ శుభ్రం చేసి, డిస్కును మాత్రమే తిప్పి వేరే నట్ల మీద కూర్చోబెట్టి మళ్లీ కొలిపించు. ఊగుడు డిస్కుతో పాటు కదిలితే డిస్కుది తప్పు. ఉన్నచోటే ఉంటే హబ్‌ది. ఈ అంకెలతో వెళ్తే అమ్మేవాడు "బెండ్" అనలేడు.

వైజాగ్ డీజిల్

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అన్నా. ఈ వారమే గేజ్ ఉన్న షెడ్డుకి వెళ్తాను.

వినియోగదారు కేసులు (కర్నూలు)

న్యాయవాదిని, వినియోగదారుల కేసులు చూస్తుంటాను. తిరుపతి మిత్రుడికి చెబుతున్నాను, వైజాగ్ వారికీ పనికొస్తుంది.

చాలామంది 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "ప్రొడక్ట్ లయబిలిటీ" ఉందని విని దాని కింద వేద్దామంటారు. ఆ అధ్యాయం వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో హాని జరిగితే. ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. దేవుడి దయ వల్ల మీకు ఏ ప్రమాదమూ జరగలేదు. కాబట్టి మీది "వస్తువులో లోపం" కింద మామూలు ఫిర్యాదు. దానితో పాటు ప్రకటనలో చెప్పిన గుణం వస్తువులో లేదన్నది కూడా జత చేయాలి.

ఈ రోజే చేయాల్సిన పని, ఆ అమ్మకం పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయడం. నోటీసు అందాక అలాంటి పేజీలు మారిపోవడం నేను చూశాను. బిల్లు, బిగించిన షెడ్డు బిల్లు, అప్పటి ఓడోమీటర్ అంకె, పెట్టె మీది లేబుల్ దాచండి. దిగుమతి చేసిన ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. లేకపోతే అది అసలు బ్రాండు మాలేనా అన్న అనుమానం వస్తుంది. పార్ట్ నంబరు, బ్యాచ్ నంబరు తయారీదారుకే నేరుగా రాసి అడగండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వండి. చాలా గొడవలు అక్కడే తేలతాయి. తేలకపోతే నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, పాత చట్టంలో లేని వెసులుబాటు ఇది. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, ఇదివరకు ఈ-దాఖిల్, ఇప్పుడు ఈ-జాగృతి. గడువు రెండేళ్లు.

లోపం కంటితో తేలనిది అయితే కమిషనే వస్తువును సీలు చేయించి ల్యాబ్‌కు పంపవచ్చు, 38వ సెక్షన్‌లో ఆ ఏర్పాటు ఉంది. అందుకే చెబుతున్నాను, తొందరపడి డిస్కు కోయించి పరీక్ష చేయించకండి. కోసిన ముక్క మీ డిస్కుదేనని నిరూపించడం మీ మెడకు చుట్టుకుంటుంది. అమ్మకందారు "డిస్కులు మాకు పంపండి, చూసి చెబుతాం" అన్నా రెండూ ఒకేసారి పంపకండి.

కొలిమి పనివాడు

కోయకుండా చేయించుకునే పరీక్ష ఉంది. డై పెనిట్రెంట్. ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి తెల్ల పొడి చల్లితే పగులు ఎంత దూరం పాకిందో ఎర్రగా తేలుతుంది. గట్టిదనం కూడా చిన్న నొక్కు పడేలా కొలవవచ్చు. డిస్కులకు ఎక్కువగా వాడే జీ3000 రకం పోత ఇనుముకు బ్రినెల్ (గట్టిదనం కొలమానం) 187 నుంచి 241 మధ్య ఉండాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే ఆ కాగితానికి విలువ ఉంటుంది. గ్రాఫైట్ రేకుల ఆకారం చూడాలంటే మాత్రం మామూలుగా ముక్క కోస్తారు, అది కమిషన్ ద్వారానే జరగనివ్వండి.

యారా నది (మెల్‌బోర్న్)

ఇక్కడి పద్ధతి చెబుతాను. ఆస్ట్రేలియాలో కంపెనీ ఇచ్చే వారంటీ కార్డు ఒకటి, చట్టం ఇచ్చే హామీ ఒకటి. కార్డులో ఏం రాసుకున్నా, వస్తువు దాని ధరకూ, చెప్పిన పనికీ తగినంత కాలం మన్నాలి. "తయారీదారుని అడుక్కో" అని అమ్మినవాడు తప్పుకోవడానికి లేదు. లోపం పెద్దదైతే డబ్బా, కొత్తదా అన్నది ఎంచుకునేది కొన్నవాళ్లు. నా స్నేహితుడి డిస్కుల గొడవలో ఈ మాటలే మెయిల్‌లో రాస్తే, ట్రిబ్యునల్‌కు వెళ్లకుండానే డబ్బు వెనక్కి వచ్చింది. మన దగ్గర కూడా "వారంటీ కార్డులో లేదు" అనగానే ఆగిపోవద్దు, చట్టం దానికంటే పైన ఉంటుంది.

ఎడిసన్ తెలుగు (న్యూజెర్సీ)

అమెరికాలో గొడవ ఇంకో వైపు నుంచి వస్తుంది. బయటి డిస్కులు వేశారని కారు డీలరు వీల్ బేరింగ్ వారంటీ నిరాకరిస్తాడు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేసినంత మాత్రాన కారు వారంటీ పోదు. ఆ పార్టు వల్లే చెడిందని వాళ్లు చూపించాలి. "మా ప్యాడ్లే వాడాలి" అన్న షరతుకు కూడా ఇక్కడ ఇదే చట్టం అడ్డు, ఆ ప్యాడ్లు ఉచితంగా ఇస్తే తప్ప.

రాణీగంజ్ స్పేర్స్

ప్యాడ్ల మాట వచ్చింది కాబట్టి. వేరే బ్రాండు ప్యాడు వల్ల డిస్కు త్వరగా అరగవచ్చు, వణుకు రావచ్చు. చిల్లు నుంచి చిల్లుకు పగలడానికి ప్యాడు బ్రాండు కారణమని నేను ఇన్నేళ్లలో చూడలేదు. ఆ కారణం చెప్పిన అమ్మకందారు ఆలోచించకుండా రాసి ఉంటాడు. ఈ విషయంలో నేను మీ వైపే.

ఘాట్‌రోడ్ ప్రయాణికుడు

ఇప్పటిదాకా జరిగింది చెబుతాను. డై పరీక్ష చేయించాను. ఎడమ డిస్కులో కంటికి కనిపించింది ఒక్క పగులే, ఎర్రగా తేలినవి ఇంకా ఉన్నాయి, వాటిలో ఒకటి అంచుకు బాగా దగ్గరగా వచ్చింది. కుడి డిస్కులో కూడా చిల్లుల చుట్టూ ఉన్న గీతల్లో కొన్ని లోతుగానే ఉన్నాయి. గట్టిదనం మామూలుగానే వచ్చింది. అంటే ఇనుము రకం కంటే చిల్లుల పనితనం మీదే అనుమానం. చాంఫర్ లేని అంచుల ఫొటోలు, ల్యాబ్ కాగితం, బూట్ల ఫొటోలు, పేజీ స్క్రీన్‌షాట్లు అన్నీ జోడించి హెల్ప్‌లైన్‌లో పెట్టాను, దిగుమతిదారుకూ పంపాను.

దిగుమతిదారు నుంచి ఫోన్ వచ్చింది. మర్యాదగానే మాట్లాడారు. "అవే డిస్కులు కొత్త జత ఇస్తాం, బిగించే ఖర్చు మీదే, ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయనని సంతకం పెట్టండి" అంటున్నారు. ఏం చేయమంటారు?

వైజాగ్ డీజిల్

తీసుకోండి అన్నా. కోర్టు చుట్టూ తిరిగే టెన్షన్ ఎందుకు? కొత్త జత అమ్మేసుకోవచ్చు.

కొలిమి పనివాడు

అమ్మడం గురించి మాత్రం వద్దు తమ్ముడూ. పగులుతుందని తెలిసిన డిస్కు ఇంకొకరి కారుకు, ఇంకొకరి పిల్లలు కూర్చునే కారుకు చేరుతుంది. అదే డిజైన్, అదే డ్రిల్లింగ్ అయితే కొత్త జతకూ అదే గతి. ఒప్పుకుంటే డబ్బుకే ఒప్పుకోండి.

వైజాగ్ డీజిల్

నిజమే, నేను అంత దూరం ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వినియోగదారు కేసులు

"ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను" అన్న వాక్యం మీద సంతకం పెట్టకండి. రేపు ఆ కొత్త డిస్కు పగిలి ప్రమాదం జరిగితే మొదట చూపించేది ఆ కాగితమే. డబ్బు ఇస్తే, "ఈ రెండు డిస్కుల ధర మేరకు పరిష్కారం" అని మాత్రమే రాయించండి. డబ్బు ఖాతాలో పడ్డాకే డిస్కులు ఇవ్వండి, ఇచ్చే ముందు బ్యాచ్ నంబరుతో ఫొటోలు ఉంచుకోండి.

ఘాట్‌రోడ్ ప్రయాణికుడు

అలాగే రాశాను. కొంత బేరం తర్వాత డిస్కుల పూర్తి ధర వెనక్కి ఇచ్చారు. ల్యాబ్ ఖర్చు, బిగింపు ఖర్చు ఇవ్వలేదు. వాటి కోసం కమిషన్‌కు వెళ్లడం లేదు. అయితే ఆ పేజీలో "ఎంత వేడెక్కినా" అన్న మాట ఇంకా అలాగే ఉంది, దాని మీద హెల్ప్‌లైన్‌లో వేరే ఫిర్యాదు పెట్టాను, అది నడుస్తోంది.

ఈసారి చిల్లులు లేని సాదా డిస్కులు, మంచి ప్యాడ్లు వేయిస్తున్నాను. పాత ప్యాడ్లలో సగం పైన మిగిలి ఉంది, వాడుకోవచ్చా?

ఆటోనగర్ మెకానిక్

వద్దు సార్. పాత డిస్కు గీతలకు అచ్చుపోసినట్టు అరిగి ఉంటాయి, కొత్త డిస్కు మీద పూర్తిగా ఆనవు. కొత్త జత వేయండి. హబ్ ముఖం మెరిసేదాకా వైర్ బ్రష్ కొట్టించి, డయల్ గేజ్ అంకె బిల్లు మీదే రాయించుకోండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20 దాకా మధ్యరకంగా పలుమార్లు తగ్గించండి, మధ్య మధ్యలో చల్లారనివ్వండి, పూర్తిగా ఆగకండి. ఆఖర్న బ్రేకు ముట్టకుండా కాసేపు నడిపి ఇంటికి తీసుకెళ్లండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఘాట్ వద్దు.

వైజాగ్ డీజిల్

నా అంకెలు వచ్చాయి. డిస్కు తిప్పి కూర్చోబెట్టినా ఊగుడు హబ్ దగ్గర ఉన్నచోటే ఉంది. బేరింగ్ చూపించమన్నారు. అమ్మకందారుకు నేను పంపిన ఫిర్యాదు ఈ రోజే వెనక్కి తీసుకుంటున్నాను, కారణం కూడా రాశాను.